గడప తప్పు, గేటు తప్పు

తప్పు చేసి తప్పించుకున్నవాళ్ళను లోకంలో చాలామందిని చూస్తాం. చేయని తప్పును వెతుక్కుంటూ వెళ్ళి ఒప్పుకుని, ఆ ఒప్పుకోలును ఎవరూ పట్టించుకోరేమోనని చేతిలో ఐదు టెంకాయలు కూడా పట్టుకెళ్ళినవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, నన్నొక్కణ్ణే చూశాను. దాని ఫలితంగా ఇరవై ఒక్క నెలలు క్రిమినల్ కేసులో ముద్దాయిగా తిరిగాను. ముద్దాయినయ్యాక ముద్ద గొంతు దిగలేదని రాయాలని ఉంది గానీ, మా ఆవిడ వింటే నవ్వుతుంది. దిగింది. రెండు పూటలా దిగింది. నిద్రే రాలేదు.

నేను రైల్వేలో గేట్‌మన్‌ని. కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో తరతరాలుగా పాతుకుపోయిన తెలుగువాళ్ళం మేము. మాలో పొలానికి పట్టా ఉన్నవాళ్ళు సేద్యంలో నిలబడ్డారు. చదువుకు పట్టా ఉన్నవాళ్ళు పీలమేడు ఆఫీసుల్లో కూర్చున్నారు. రెండూ లేని నాకు రైలు పట్టాలు మిగిలాయి. కొబ్బరితోటల మధ్య ఒక సన్నరోడ్డు, దానికి అడ్డంగా లైను, పక్కన నా గది. గదిలో ఒక ఫోను, ఎర్రజెండా, పచ్చజెండా, రిజిస్టరు, ఒక అచ్చుకాగితం.

ఆ అచ్చుకాగితం గురించి కాస్త చెప్పాలి. బండి వచ్చే ముందు పక్క స్టేషను మాస్టరు నాకు ఫోను చేసి గేటు వెయ్యమంటాడు. నేను వేసి, తాళం పెట్టి వచ్చి, ఆ కాగితంలోంచి ఒక నంబరు చెబుతాను. అందులో రెండంకెల నంబర్లు కలగాపులగంగా అచ్చయి ఉంటాయి. చెప్పిన నంబరును వెంటనే కొట్టేసి, పక్కన బండి పేరు, టైము రాయాలి. ఆ కాగితం అయిపోయేదాకా కొట్టేసిన నంబరు మళ్ళీ వాడకూడదు. స్టేషను మాస్టరు ఆ నంబరు తన రిజిస్టరులో రాసుకున్నాకే బండిని వదలాలి. గేటు పడిందని చెప్పడానికి మా ఇద్దరి మధ్యా ఉన్న సాక్ష్యం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఫోను మోగలేదు. మోగలేదని ఇప్పుడు ఇంత ధీమాగా రాస్తున్నాను గానీ, ఈ వాక్యం తిరిగి నా చేతికి రావడానికే దాదాపు ఇరవై ఒక్క నెలలు పట్టింది.

మూడు గంటలప్పుడు గేటు తెరిచే ఉంది. పొల్లాచ్చి నుంచి టెంకాయల లోడుతో ఒక టెంపో వచ్చి పట్టాలెక్కింది. ఎక్కి ఆగిపోయింది. డ్రైవరు సెల్ఫ్ కొడుతున్నాడు, బండి దగ్గుతోంది. అప్పుడు వినిపించింది మలుపు అవతల రైలు కూత. ఎర్రజెండా లాక్కుని పట్టాల వెంట పరుగెత్తాను. నలభై ఏడేళ్ళ ఒళ్ళు, రబ్బరు చెప్పులు, అయినా అంత పరుగు మళ్ళీ ఎప్పుడూ పరుగెత్తలేదు. ప్యాసింజరు డ్రైవరు జెండా చూసి బ్రేకు వేశాడు. ఇనుము అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఆగబోతూ ఆగబోతూ ఇంజను టెంపో వెనకభాగాన్ని కొట్టింది. టెంపో పక్కకు ఒరిగింది. టెంకాయలు లైనంతా దొర్లాయి. రైల్లో ఒక్కరికీ గీత పడలేదు. టెంపో డ్రైవరుకు కుడికాలు రెండుచోట్ల విరిగింది.

ఇక్కడితో ప్రమాదం అయిపోయింది. నా మూర్ఖత్వం ఇక్కడ మొదలైంది.

మా ఇళ్ళలో ఒక వాడుక ఉంది. గడప తప్పు అంటారు. మన గడప ముందు, మన పొలం గట్టు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే, అది ఎవరివల్లయినా సరే, మూడోరోజు లోపల ఐదు టెంకాయలు, ఆకూవక్కా పట్టుకుని వాళ్ళ దగ్గరికి పోవాలి. ‘మా గడప ముందు జరిగింది, తప్పు మాదే, మనసులో పెట్టుకోవద్దు’ అనాలి. వాళ్ళు ఒక టెంకాయ తీసుకుని నాలుగు తిరిగిచ్చేస్తారు. నిజంగా తప్పు చేసినవాడు రాకపోయినా ఎవరూ ఏమనుకోరు. ఏ తప్పూ చేయనివాడు రాకపోతే మాత్రం ఊరంతా అనుకుంటుంది.

నాకు ఇది గుర్తు చేసింది మా బావ, అంటే మా ఆవిడ అన్న. పొల్లాచ్చిలో ఎండుకొబ్బరి కొట్టు ఉంది ఆయనకు. ప్రపంచంలో ఆయనకు తెలియని విషయం లేదు. తెలియకపోయినా చెప్పని విషయం అసలే లేదు. నన్ను అరవంలో అల్లుణ్ణి పిలిచినట్టు ‘మాప్ళే’ అంటాడు. ఆ పిలుపులో ఉన్నంత గౌరవం ఆ తర్వాతి మాటల్లో ఎప్పుడూ ఉండదు.

“ఇట్లా చూడు మాప్ళే. గేటు అంటే ఏమి? నీ గడప. నీ గడప ముందర ఒకడు పడిండాడు. పోయి తప్పయిందని మన్నిపు అడిగేకి వద్దా?”

“ఆయనదే టెంకాయల లోడు పోయింది బావా. టెంకాయలు పట్టుకుని ఏ మొఖంతో పోయేది?”

“టెంకాయలకు నువ్వేమి కవలపడొద్దు, నా కొట్లో లేనివా? బండి కూడా నాదే. నువ్వు ఊరికే నిలబడి ఆ రెండు మాటలు అను. శరి అయిపోతాది.”

పోయాం. ఆసుపత్రి వార్డులో టెంపో డ్రైవరు కాలు పైకి కట్టించుకుని పడుకుని ఉన్నాడు. కారమడై పక్క ఊరివాడు, వాళ్ళింట్లోనూ మా తెలుగే. సంచిలో టెంకాయలు చూడగానే ఎందుకొచ్చామో ఆయనకు అర్థమైంది. అర్థం కానివాడు మంచం అవతల కుర్చీలో ఉన్నాడు. డ్రైవరు వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చిన రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబులు. నేను ఆయన్ను గమనించలేదు. చేతులు జోడించి, “మా గడప ముందర జరిగింది, తప్పు అంతా నాదే, మనసులో పెట్టుకోవద్దు” అన్నాను.

హెడ్ కానిస్టేబులు తల ఎత్తి, ఏమంటున్నాడని అరవంలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా బావ అందుకున్నాడు. తెలిసిన విషయం ఎదురైతే ఆయన ఆగలేడు. స్వచ్ఛమైన అరవంలో, స్పష్టంగా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు: “తప్పు అంతా తనదేనంటున్నాడు సార్.”

హెడ్ కానిస్టేబులు రాసుకున్నాడు.

మర్నాడు శాఖ విచారణ అధికారి పిలిచాడు. అప్పటికి స్టేషను మాస్టరు రిజిస్టరు వచ్చేసింది. అందులో ఆ బండికి ఎదురుగా, గేటు నుంచి వచ్చినట్టు, అరవై మూడు అనే నంబరు రాసి ఉంది. నాకు ఫోనే రాలేదని చెప్పాను. అధికారి కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. “ఏ తప్పూ లేనివాడు ఆసుపత్రికి టెంకాయలు మోసుకుపోతాడా?” అని మెల్లగా అడిగాడు. గడప తప్పు గురించి వివరించబోయాను. నాకు తెలిసిన అరవంలో, చెమటలు కక్కుతూ, రైల్వే అధికారికి గడప గురించి చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అంతా విని ఆయన ఇంగ్లీషులో ఒక పేజీ టైపు చేయించి నా ముందు పెట్టాడు.

బయట నిలబడ్డ బావను అడిగి వస్తానన్నాను.

“పెద్దవాళ్ళ దగ్గర వాదించొద్దు మాప్ళే,” అన్నాడు బావ. “సంతకం పెట్టేసి రా. ఆఫీసరు మనసు కరిగిపోతాది. రెండు దినాలు లీవు పెట్టమంటారు, అంతే.”

పెట్టాను. స్టేషను నుంచి ఫోను వచ్చిందనీ, నంబరు ఇచ్చాననీ, గేటు వేయకుండా నిర్లక్ష్యం చేశాననీ అందులో ఉందని తర్వాత తెలిసింది. నా గది రిజిస్టరు, ఆ అచ్చుకాగితం అప్పటికే పోలీసులు కవరులో పెట్టి సీలు వేశారు. ఒప్పుకున్నవాడి కాగితాలు విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? రెండు రోజుల లీవు అనుకున్నది అరెస్టయింది, బెయిలయింది, సస్పెన్షనయింది. రైల్వే చట్టంలో ఒక సెక్షను, శిక్షా చట్టంలో ఇంకొక సెక్షను. ఉద్యోగి అజాగ్రత్త వల్ల ప్రయాణికుల ప్రాణాలకు అపాయం కలిగితే, మనిషికి తీవ్రగాయమైతే, జైలు. జైలుకు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో క్వార్టర్సు పోతుంది. చట్టం నాకు అర్థమైనంత స్పష్టంగా నా సంతకం నాకు అర్థం కాలేదు.

ఒక సాయంకాలం పేపరు ‘నిద్రపోయిన గేట్‌మన్’ అని వేసింది. ఉద్యోగంలో ఒక్కరోజు కునుకు తీయనివాణ్ణి, ఆ వార్త చదివాక ఇంట్లో కూడా తీయలేకపోయాను.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటి ఉంది. అందరూ అంటుంటే, రిజిస్టరులో నంబరు ఉంటే, నా సంతకమే ఉంటే, నాకే అనుమానం మొదలైంది. ఫోను మోగిందేమో. ఏదో ధ్యాసలో ఎత్తి ఏదో నంబరు చెప్పి మరిచానేమో. వంటింట్లో కుక్కరు కూసినా ఉలిక్కిపడి, “ఫోను మోగిందా?” అని అడిగేవాణ్ణి.

ఒకరోజు మా ఆవిడ గరిటె కింద పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

“మావా, పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. నువ్వు ఉప్పు తెచ్చేది మరిచిపోయినావు, నా పుట్టినదినం మరిచిపోయినావు. ఒక్కసారైనా గేటు మరిచినావా?”

“లేదు.”

“ఇంగ నోరు మూసుకుని తిను.”

ఇంతకంటే గట్టిగా నా తరఫున ఎవరూ వాదించలేదు, తర్వాత కోర్టులో కూడా.

బావ సంగతి చెప్పనే లేదు. కేసు పడ్డాక ఆయన జ్ఞాపకశక్తి నా దానికంటే వేగంగా పోయింది. మా కులదేవత పండగలో ఇంటిపెద్దల వరసలో నేను నిలబడబోతే భుజం మీద చెయ్యి వేసి, “కేసు ముగిసేదాకా వెనక నిలబడు మాప్ళే, సామి ఏమనుకోదు, జనాలే అనుకుంటారు,” అన్నాడు. నా కేసు పట్టిన వకీలు వెళ్ళి, గడప తప్పు వాడుక గురించి సాక్ష్యం చెప్పమంటే, “నాకేమి తెలుసమ్మా? నేను ఊరికే బండి తోలేకి పోయుంటి. ఆయనేమన్నాడో నా చెవిలో పడలే,” అన్నాడట.

ఆ వకీలు చిన్నమ్మాయి. పీలమేడులో రెండు కుర్చీలు పట్టే ఆఫీసు. వాళ్ళమ్మది తెలుగిల్లు కాబట్టి మాతో మన మాటే మాట్లాడేది. నేను ఆమెను మా కోయంబత్తూరు వైపు కొంగునాటిలో ఆడపిల్లల్ని పిలిచినట్టు ‘అమ్మిణీ’ అని పిలిచేవాణ్ణి. మొదటిరోజు నా కథంతా విని ఆమె అడిగింది ఒక్కటే.

“టెంకాయల కథ తర్వాత చెప్దువు మామా. ఆ నంబర్ల కాగితం ఎక్కడుంది?”

“పోలీసు కవరులో అమ్మిణీ.”

“ఎవరన్నా చూసినారా?”

“నేను తప్పు ఒప్పుకున్నానే. ఇంగ ఎందుకు చూస్తారు?”

ఆమె తల పట్టుకుంది. “నువ్వు తప్పు నాదేనంటే చట్టానికి చాలదు మామా. చెయ్యాల్సిన పని నువ్వు చెయ్యలేదని, దానివల్లే గుద్దుకుందని వాళ్ళు నిరూపించాల. ఫోనే రాకపోతే నువ్వు చెయ్యాల్సిన పనే మొదలుకాలే.”

నేను ఇన్నాళ్ళూ గడప గురించి ఆలోచిస్తున్నాను. ఆమె గేటు గురించి ఆలోచిస్తోంది.

కోర్టులో ముందు టెంపో డ్రైవరు వచ్చాడు, చేతికర్రతో. ఆయన ప్రభుత్వం తరఫు సాక్షి. ముద్దాయి ఆసుపత్రిలో మీ ముందు నేరం ఒప్పుకున్నాడా అని ప్రభుత్వ వకీలు అడిగాడు.

“టెంకాయ ఇచ్చినాడు సార్. నేను ఒకటి తీసుకుని నాలుగు తిప్పి ఇచ్చినా.”

“తప్పు నాదే అన్నాడా లేదా?”

“అన్నాడు. నా మీద ఆయన గేటు కాడ పిడుగు పడింటే కూడా అట్లనే వచ్చి అనుంటాడు సార్. అది మా వాడుక. నాకు తెలిసింది ఒకటే. ఈయన జెండా పట్టుకుని ఉరకకపోయుంటే కర్ర పట్టుకునేకి నేను ఉండను.”

న్యాయమూర్తి పెన్ను ఆపి, మొదటిసారి, నా వైపు చూశారు.

తర్వాత మా అమ్మిణి కవరు విప్పించమని అడిగింది. సీలు చిరిగిన చప్పుడు కోర్టంతా వినిపించింది. లేక నాకొక్కడికే వినిపించిందేమో. ఆ కాగితం చూడగానే నాకు ఏడుపొచ్చింది. నా గీతలు, నా అంకెలు, టీ మరక. అరవై మూడు ఎక్కడుందో చూపించమన్నారు. చూపించాను. అది కొట్టేసి ఉంది. పక్కన రాసిన బండి ప్రమాదానికి రెండు రోజుల ముందు పొద్దున్నే వెళ్ళిన బండి. స్టేషను రిజిస్టరులో రెండు రోజుల వెనక పేజీ తిప్పించారు. అక్కడా అరవై మూడే, అదే బండికి. ప్రమాదం రోజున ఆ ఘడియకు నా కాగితంలో ఏ నంబరూ కొట్టి లేదు. ముందు బండిదొకటి కొట్టి ఉంది, దాని తర్వాత ఖాళీ.

అంటే ఎవరూ నన్ను అడగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఫోను మోగలేదు.

ఫోను మోగలేదు! నిర్దోషినని తీర్పు ఆ తర్వాత కొన్ని వారాలకు వచ్చింది గానీ, నాకు విడుదల దొరికింది ఆ నిమిషంలోనే. జైలు నుంచి కాదు, నా మీద నాకున్న అనుమానం నుంచి. బయట వరండాలో మా ఆవిడ నా ముఖం చూసి, క్యాంటీనుకు తీసుకుపోయి కాఫీ ఇప్పించింది. చక్కెర ఎక్కువ వేయించింది. ఆ రాత్రి నిద్రపోయానండి. ఆ సాయంకాలం పేపరువాళ్ళు వచ్చి ఫొటో తీసుకుని ఉంటే బాగుండేది. వాళ్ళ వార్త అప్పటికి నిజమైంది.

స్టేషను మాస్టరు సంగతి అడుగుతారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆరోజు రెండు డ్యూటీలు వరసగా చేస్తున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది, నాకు ఫోను చేయడం మరిచి బండిని వదిలేశాడు. గుద్దుకుందని తెలియగానే భయంతో పాత పేజీలో కళ్ళకు కనబడిన ఒక నంబరు తెచ్చి రాశాడు. ఇప్పుడు కేసు ఆయన మీద నడుస్తోంది. నేను సాక్షిని. పిలిచినప్పుడు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను, జ్వరం సంగతి కూడా. మరిచిపోవడం ఎవరికైనా వస్తుంది. చట్టం దానికి నిర్లక్ష్యమని పేరు పెట్టి శిక్ష వేస్తుంది, వేయాలి కూడా, అవతల రైలు నిండా మనుషులుంటారు. కానీ ఆయన్ను ముంచింది మరుపు కాదు, ఆ రెండంకెలు. నన్ను ముంచింది నేను కూడా కాదనలేని రెండు మాటలు. పోలిక చూసుకుంటే ఆయన మీద నాకు కోపం నిలవలేదు.

నేను మళ్ళీ డ్యూటీలో చేరాను. ఇప్పుడు నా గేటును సిగ్నలుతో కలిపారు. గేటు పడి తాళం బిగిస్తే తప్ప సిగ్నలు రాదు. స్టేషను మాస్టరు మరిచినా, నేను మరిచినా, బండి మాత్రం దూరంగా నిలబడి మా ఇద్దరికోసం కూత వేస్తుంది. ఆ కూత వింటే నాకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

కోపం నిలిచిన మనిషి ఒకరున్నారు. తీర్పు వచ్చిన వారమే పూలదండతో ఇంటికొచ్చాడు బావ. “నేను మొదటినుంచీ చెప్తానే ఉంటి గదా, మాప్ళే దగ్గర తప్పు లేదని!” అన్నాడు అందరిముందూ. మా ఆవిడ దగ్గింది. నేను దండ వేయించుకున్నాను. అన్నాచెల్లెళ్ళ మధ్య గొడవ పెట్టడానికి నాకు మనసు రాలేదు. నోటితో ఆయన్ను గెలవడం ఎలాగూ నావల్ల కాదు.

కాబట్టి రాశాను. మావాళ్ళకు తెలుగు నోటికే గానీ కంటికి కాదు. బడులన్నీ అరవమో ఇంగ్లీషో. నేను సస్పెన్షనులో ఉన్నప్పుడు, నిద్ర రాని పొద్దుల్లో, గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ట్రాక్‌మన్ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. బావకు ఒక్క అక్షరం రాదు. ఇక్కడిదాకా రాసిన కాగితాలు బల్ల మీద ఉండగా మొన్న వచ్చి చూశాడు.

“ఏమి మాప్ళే ఇది?”

“మన కేసు కథ బావా. తెలుగులో రాస్తుండా.”

“నేను ఉండానా?”

“నువ్వు లేకపోతే కథే లేదు బావా.”

ఆయన ముఖం వెలిగిపోయింది. కాగితాలు అటూ ఇటూ తిప్పి, అక్షరాలు జిలేబీ చుట్టినట్టు అందంగా ఉండాయని మెచ్చుకుని, ఒక జిరాక్సు కావాలన్నాడు. తనున్న పుట ఒక్కటి చాలన్నాడు. తను అన్ని పుటల్లోనూ ఉన్నాడు కాబట్టి మొత్తం తీసిచ్చాను. అద్దం కట్టించి కొట్లో గల్లాపెట్టె పైన, వచ్చినవాళ్ళ కంటికి ఎదురుగా తగిలించాడు. ఎండుకొబ్బరి బేరానికి రాజమండ్రి నుంచి, నెల్లూరు నుంచి వ్యాపారులు నెలకు నాలుగైదుగురైనా వస్తుంటారు ఆయన దగ్గరికి. నిన్న ఫోను చేశాడు. ఒక రాజమండ్రి ఆయన నిలబడి మొత్తం చదివి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, బావ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి వెళ్ళాడట.

“బాగా రాసుండావంట మాప్ళే,” అన్నాడు బావ, గొంతు నిండా సంతోషంతో. “ఇంకో కాపీ ఇవ్వు. ఇంట్లో కూడా పెట్టుకుంటా.”